కాలవకి అవతలి ఊరు

మా తాతయ్య, అంటే మా అమ్మ నాన్నగారు, మా ఊరొస్తే తిన్నగా ఇంటికి వచ్చేవాడు కాదు. బస్సు దిగి, లాకుల దగ్గర గట్టు మీద చేతిసంచీ పెట్టి, కాలవ వంక చూస్తూ నిలబడేవాడు. వస్తున్నట్టు ముందే కార్డు రాసేవాడు కాబట్టి నేను ఎదురెళ్ళేవాణ్ణి. "రా తాతయ్యా" అని చెయ్యి పట్టుకు లాగితే "ఉండరా, కాసేపు చూడనీ" అనేవాడు. అందులో చూడడానికేముందో నాకు తెలిసేది కాదు. గేదెల్ని కడగడం, బట్టలుతకడం, ఈత నేర్చుకోవడం అన్నీ మాకు అందులోనే. పుట్టినప్పట్నుంచీ ఇంటి ముందు ఉన్న కాలవని ఎవరైనా ఆగి చూస్తారా?

ఒకసారి ఆయన అడిగాడు. "ఈ నీళ్ళన్నీ ఎక్కడికెళ్తాయిరా?"

బళ్ళో చెప్పింది అప్పజెప్పాను. బోదెల్లోంచి చేలల్లోకి, చేలల్లోంచి డ్రెయిన్లలోకి, అక్కణ్ణించి సముద్రంలోకి.

"సముద్రంలోకా" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. కండువా దులిపి భుజాన వేసుకుని సంచీ తీసుకున్నాడు.

మా ఊరు అత్తిలికీ గణపవరానికీ మధ్య ఉంటుంది. అమ్మ పుట్టిల్లు జంగారెడ్డిగూడెం దాటి వెళ్ళాలి. రెండూ అప్పట్లో పశ్చిమ గోదావరి జిల్లాయే. మధ్య దూరం డెబ్భై ఎనభై కిలోమీటర్లు. పొద్దున్న చద్దన్నం తిని బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకి అక్కడ ఉండేవాళ్ళం. కానీ దారిలో ఏలూరు కాలవ అడ్డం వస్తుంది. విజ్జేశ్వరం దగ్గర గోదావరిలోంచి తీసిన నీళ్ళు నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వైపు వెళ్తాయి. దానికి దక్షిణాన ఉన్నది పల్లం, ఉత్తరాన ఉన్నది మెట్ట. తాడేపల్లిగూడెంలో కాలవ వంతెన దాటిన కాసేపటికి బస్సు కిటికీలోంచి చూస్తే నల్లమట్టి పోయి ఎర్రమట్టి మొదలయ్యేది. వరి చేలు పోయి జొన్న, నువ్వు, పొగాకు, జీడిమామిడి తోటలు వచ్చేవి. కొబ్బరి చెట్లు పలచబడి తాడిచెట్లు ఎక్కువయ్యేవి. బస్సులో ఎక్కేవాళ్ళ బట్టలు కూడా మారేవి. అది నేను చాలా చిన్నప్పుడే గమనించాను. ఎందుకు మారతాయో ఎవర్నీ అడగలేదు.

తాతయ్యకి పన్నెండెకరాలు. మా నాన్నకి నాలుగెకరాలు. అయినా పన్నెండెకరాల ఆయన నాలుగెకరాల ఆయనకి కట్నం ఇచ్చి, చెయ్యి కిందపెట్టి పిల్లనిచ్చాడు. ఇది 1950ల చివరి మాట. ఇక్కడి ఎకరం కాలవ కింద ఎకరం. జూన్‌లో కాలవ వదిలితే సార్వా, అది కోశాక దాళ్వా. అక్కడి ఎకరం ఆకాశం కింద ఎకరం. ఒక బావి, దానికి ఒక మోట, రెండెడ్లు. ఆ మోట తోలితే తడిసేది ఎకరమో ఎకరంన్నరో. మిగతాదంతా వాన దయ. ఈ లెక్క పెళ్ళిళ్ళ పేరయ్య నుంచి కరణం దాకా అందరికీ తెలుసు. "పల్లంలో పిల్లనిచ్చుకున్నాం" అని అమ్మ వాళ్ళ ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవారట.

అమ్మ కాపరానికి వచ్చిన మొదటి రోజున మా మామ్మ అడిగిన మాట అమ్మ నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

"ఏమ్మాయ్, మీ ఊళ్ళో రెండు పూటలా అన్నమేనా?"

మామ్మ చెడ్డదని కాదు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి ఆవిడ. ఆవిడకి తెలిసిన లోకంలో అన్నం తినేవాళ్ళు, అన్నం లేక సంకటి తినేవాళ్ళు అని రెండే రకాల మనుషులు. అమ్మ "జొన్నన్నం తింటామండి, పండగలకి వరన్నం" అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ రోజు నుంచి మా వీధిలో అమ్మ పేరు "మెట్ట పిల్ల". నలుగురు పిల్లల తల్లి అయ్యాక కూడా ఆ పేరు పోలేదు.

తాతయ్య వచ్చినప్పుడల్లా ఉలవలు, చింతపండు, నువ్వులు, జీడిపప్పు తెచ్చేవాడు. వేసవిలో అయితే రెండు గంపల మామిడికాయలు బస్సు మీద వేయించుకుని వచ్చేవాడు. అవన్నీ వంటింట్లోకి వెళ్ళిపోయేవి. ఆయన మాత్రం అరుగు మీదే ఉండేవాడు. భోజనం కూడా చాలాసార్లు అరుగు మీదే. అది అవమానం అని అప్పుడు నాకు తెలియదు. అమ్మకి తెలుసు. ఆయన తింటున్నంతసేపూ విస్తరి పక్కనే నిలబడి విసిరేది.

అమ్మకి ఇక్కడ అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది మంచినీళ్ళు. అందరూ నవ్వేవారు, నీళ్ళ ఊరికి వచ్చి నీళ్ళు బాగోలేదంటావేమిటని. కానీ అది నిజం. ఏప్రిల్‌లో కాలవలు కట్టేసే ముందు చెరువు నింపుకుని, ఆ చెరువు నీళ్ళే జూన్ దాకా తాగేవాళ్ళం. మే నెల వచ్చేసరికి నీళ్ళు పచ్చగా అయ్యేవి. ఇండుప గింజ అరగదీసి బిందెలో కలిపితే బురద కిందికి దిగేది, వాసన మాత్రం పోయేది కాదు. అమ్మ వాళ్ళ ఊళ్ళో బావి అరవై అడుగుల లోతు. తోడడానికి భుజాలు పడిపోయేవి. పైకొచ్చిన నీళ్ళు మాత్రం అద్దంలా ఉండేవి. వేసవి సెలవల్లో అక్కడికెళ్ళినప్పుడు అమ్మ ముందు బావి దగ్గరికి వెళ్ళి, చేద తోడి, దోసిలి పట్టి తాగేది. తాతయ్య మా లాకుల దగ్గర నిలబడ్డట్టే.

ఆ రెండు ఊళ్ళకీ మధ్య నీళ్ళ సంబంధం ఒకటి ఉంది. మెట్టలో కుండపోతగా వాన పడితే ఎర్రకాలవ పొంగుతుంది. అది కిందికి దిగి నందమూరు దగ్గర ఏలూరు కాలవ దాటి, యనమదుర్రు డ్రెయినులో కలిసి, మా చేల మీద పడేది. నాట్లు వేసిన పది రోజులకే చేలు మునిగిన ఏళ్ళు ఉన్నాయి. మా నాన్న గొడుగు వేసుకుని గట్టు మీంచి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ అనేవాడు.

"మీ ఊరి వాన మా చేనంతా మింగేసింది."

"మరి మీ గోదారి ఒక్క చుక్కయినా మా ఊరెక్కిందా?" అనేది అమ్మ, గిన్నెల దగ్గర్నుంచి తల తిప్పకుండా.

ఊడ్పుల రోజులకి తూర్పువాళ్ళు వచ్చేవారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి. మా ఊళ్ళో అందరూ వాళ్ళని తూర్పోళ్ళు అనే అనేవారు, ఏ ఊరో ఎవరూ అడిగేవారు కాదు. రైలు దిగి మూటలతో, పసిపిల్లలతో నడిచొచ్చేవారు. ముందు మేస్త్రీ, వెనక ఇరవై ముప్ఫై మంది. బడి వరండాలో, పాకల్లో, కుప్పలు వేసే కళ్ళాల దగ్గర ఉండేవారు. నారు తీయడం, మోయడం, వరసలు వేసి నాటడం, నెలా నెలన్నర ఒంగిన నడుం ఎత్తకుండా పనిచేసి వెళ్ళిపోయేవారు. మళ్ళీ కోతలకి వచ్చేవారు. "ఏటి", "నేదు", "ఎలిపోతాం" అని వాళ్ళు మాట్లాడుతుంటే మేం పిల్లలం వెనక నడుస్తూ ఆ మాటలు అని చూపించేవాళ్ళం. మా మాటని ఎవరైనా అలా అంటే ఎలా ఉంటుందో నాకు ఇరవై అయిదేళ్ళు వచ్చాక తెలిసింది.

ఒక ఏడు వానకి బడి కప్పు కారుతుంటే ఒక కుటుంబం మా చావిట్లో ఉంది. ఆవిడకి మూడు నెలల పిల్ల. చీర ముక్కతో దూలానికి ఉయ్యాల కట్టి, పొద్దున్నే పాలిచ్చి చేలోకి వెళ్ళేది. మధ్యలో పిల్ల ఏడిస్తే అమ్మ వెళ్ళి ఊపేది. ఒకరోజు సాయంత్రం ఆవిడ పొయ్యి మీద ఏదో కాస్తుంటే అమ్మ వాసన పట్టి అక్కడికెళ్ళింది.

"ఏం తింటారు మీ ఊళ్ళో?" అని అడిగింది.

"చోడంబలి తల్లీ. ఇదే తింతాం, ఇంకేటి ఉంతాది?"

అమ్మ తవ్వెడు బియ్యం ఇచ్చి గిన్నెడు చోడి పిండి, అంటే రాగి పిండి, తీసుకుంది. ఆ రాత్రి మా ఇంట్లో అంబలి కాచింది. మామ్మ గడప దగ్గర నిలబడి, "పుట్టెడు ధాన్యం ఉన్న ఇంట్లో ఇదేం ఖర్మ" అని నుదురు కొట్టుకుంది. అమ్మ మాకు నలుగురికీ గిన్నెల్లో పోసి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకోమని ఇచ్చింది. అమ్మ ఆకలిగా తినడం నేను చూడడం అదే మొదటిసారి అనుకుంటాను. మామ్మ అడిగిన ప్రశ్నే అమ్మ కూడా అడిగింది. అమ్మ అడిగితే మాత్రం ఎదుటి మనిషి తల వంచుకోలేదు.

తర్వాత నేను ఆ తూర్పావిణ్ణి అడిగాను, మీ ఊళ్ళో కాలవ లేదా అని. ఊరి పక్కనే నాగావళి ఉందట. "ఏరుంది బాబూ, మా సేను మీదికి ఎక్కదు" అంది.

1972 చివర్లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. బడి లేని రోజులు అని సంతోషంగా ఉండేది. ఊరేగింపుల వెనక పరిగెత్తాను, అరిచాను కూడా. సాయంత్రాలు మా అరుగు మీద నాన్న, ఆయన స్నేహితులు పేపరు పెట్టుకుని గట్టిగా మాట్లాడుకునేవారు. మన పంట, మన పన్నులు, మన ఉద్యోగాలు, అన్నీ హైదరాబాదు తినేస్తోంది, విడిపోతే గానీ బాగుపడం అని. 1969లో తెలంగాణ వాళ్ళు ఇలాగే అన్నారని అప్పుడు నాకు తెలియదు.

అమ్మ కాఫీ గ్లాసులు తీసుకొచ్చి ఇస్తూ ఒక మాట అంది.

"మీరు వాళ్ళతో విడిపోతారు సరే. మా ఊరికి మీ ఊరి నుంచి ఏమొచ్చిందని? మరి మేం ఎవరితో విడిపోవాలి?"

అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాన్నకి కోపం వచ్చింది. ఆ మాట నాకు గుర్తుండిపోయింది, ఎందుకో తెలియకుండానే.

1987లో నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. మాట చివర "అండి" పెట్టినప్పుడల్లా ఆఫీసులో నవ్వేవారు. నేను వాళ్ళ "గట్ల", "గిట్ల"లకి నవ్వేవాణ్ణి. ఇద్దరం మాట్లాడుతున్నది తెలుగే. అయినా మా మాట పుస్తకాల్లో ఉంటుంది, రేడియోలో ఉంటుంది, వాళ్ళది లేదు. అందువల్ల నా నవ్వుకీ వాళ్ళ నవ్వుకీ తేడా ఉంది. వాళ్ళు నవ్వితే నాకు కాస్త మొహమాటం. నేను నవ్వితే వాళ్ళకి చిన్నప్పట్నుంచీ పడుతున్న దెబ్బ. అది అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. తూర్పోళ్ళ వెనక నడిచిన రోజులు అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

పక్క సీటులో పాలమూరు అబ్బాయి ఉండేవాడు. నాకంటే ఏడాది చిన్న. నన్ను అన్నా అనేవాడు. ఒకరోజు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటున్నప్పుడు, మా వైపు వరి గురించి మాట వచ్చి, "మా గోదారోళ్ళు కష్టపడి పండిస్తారు" అన్నాను. మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. అతను చెయ్యి ఆపాడు.

"మా నాయిన కంటె ఎక్కువ కష్టం చేసిన్రా అన్నా మీ దిక్కు?"

అప్పుడు చెప్పాడు. వాళ్ళ నాయిన, అమ్మ ప్రతి ఏడూ దీపావళి దాటాక గుంపు మేస్త్రీతో వెళ్ళిపోయేవారు. మేస్త్రీ ముందే కొంత డబ్బు ఇస్తాడు, అది తీరేదాకా పని. ఎక్కడో వేరే రాష్ట్రాల్లో డ్యాములకి, కాలవలకి మట్టి తవ్వే పని. ఇతన్ని అవ్వ దగ్గర వదిలి వెళ్ళేవారు. "మా నాయిన తవ్విన కాల్వలల్ల నీళ్ళు పారంగ మా నాయిన చూడలె" అన్నాడు. కృష్ణ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోనే అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోకి అడుగుపెట్టేది. జూరాల దగ్గర ప్రాజెక్టు అప్పటికింకా కడుతూనే ఉన్నారు. నది ఇంటి పక్కన ఉండి, పొట్ట చేత పట్టుకుని ఊరొదిలి వెళ్ళడం గురించి అతను గొంతు పెంచకుండానే చెప్పాడు. నాకు అన్నం దిగలేదు. చావిట్లో ఉన్న తూర్పావిడ గుర్తొచ్చింది. ఆవిడ మాటే ఇతను మళ్ళీ చెప్తున్నాడు.

1990 సంక్రాంతికి అతన్ని మా ఊరు తీసుకొచ్చాను. అమ్మ అతన్ని అడిగిన మొదటి ప్రశ్న మీరు ఊహించగలరు. "జొన్న రొట్టె అమ్మా" అన్నాడు. అమ్మ ఆ రాత్రి ఎక్కడ సంపాదించిందో జొన్నపిండి సంపాదించి రొట్టెలు చేసింది. పండగ పూట ఇంట్లో అరిసెలు, పులిహోర ఉండగా అతను రొట్టెలే తిన్నాడు. నాన్న ఏమీ అనలేదు. అప్పటికి మామ్మ లేదు.

కనుమ మర్నాడు ఇద్దరం తణుకు, నిడదవోలు మీదుగా విజ్జేశ్వరం వెళ్ళాం. బ్యారేజీ మీద నిలబడ్డాం. ఒకవైపు నిండా నీళ్ళు, ఇంకోవైపు ఇసక తిన్నెలు. కాలవ తలుపుల దగ్గర నీళ్ళు సుడి తిరుగుతూ లోపలికి వెళ్తున్నాయి. నాకు తెలిసింది చెప్పాను. డెల్టాలో గోదావరి గుంటలో పారదు. ఏటా వరద తెచ్చిన ఒండ్రు గట్ల వెంబడి పేరుకుని, నదే కాస్త ఎత్తు మీద పారుతుంది. చేలు అక్కణ్ణించి సముద్రం దాకా కొంచెం కొంచెంగా దిగిపోతాయి. అందుకని నదికి ఒక అడ్డుకట్ట వేసి, నీటిమట్టం కాస్త పెంచి, పక్కన తూము పెడితే చాలు. ఇంజను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. నీళ్ళు వాటంతట అవే చివరి మడి దాకా వెళ్తాయి. పైన అలా కాదు. నది లోతున ఉంటుంది, నేల ఎత్తున ఉంటుంది. అక్కడ ప్రతి చుక్కనీ పైకి ఎత్తాలి.

అతను చాలాసేపు తూముల వంక చూశాడు.

"గింత అల్కగ వస్తయా అన్నా మీకు నీళ్ళు?"

తాతయ్య లాకుల దగ్గర ఎందుకు నిలబడేవాడో నాకు ఆ రోజు అర్థమైంది. నాకప్పటికి ఇరవై ఏడేళ్ళు. తాతయ్య పోయి ఆరేళ్ళయింది.

అక్కణ్ణించి ధవళేశ్వరం వెళ్ళి కాటన్ మ్యూజియం చూశాం. మా వైపు ఊరూరా, గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం ఉంటుంది. గోదావరి ఒడ్డున సంకల్పంలో ఆయన పేరు చెప్పే పురోహితులు కూడా ఉన్నారు. మాకు చిన్నప్పట్నుంచీ ఆయన దేవుడి లాంటివాడు. కానీ ఆయన రాకముందు మేం ఎలా ఉండేవాళ్ళమో మాకు ఎవరూ అంత గట్టిగా చెప్పలేదు. 1832, 1833లలో నందన కరువు వచ్చింది. 1839లో తుపాను ఉప్పెన కోరంగిని ముంచేసింది. గోదావరి ఒక ఏడు ముంచేది, ఒక ఏడు అందేది కాదు. నిండుగా నది పారుతుండగా దాని ఒడ్డున జనం తిండి లేక చచ్చిపోయారు, ఊళ్ళొదిలి పోయారు. 1847లో ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది. తర్వాత పది లక్షల ఎకరాలకి పైగా తడిసింది. పాత ఆనకట్ట దెబ్బతిన్నాక దాని బదులు ఇప్పుడున్న బ్యారేజీ కట్టారు.

అంటే మా ముత్తాతల తండ్రులు కూడా వలస కూలీలే అయి ఉండొచ్చు. ఆ మనుషులే, ఆ నల్లమట్టే. అయిదేళ్ళలో కట్టిన ఒక గోడ వల్ల రెండు తరాల్లో మేం "అన్నం తినేవాళ్ళం" అయ్యాం. ఇంకో రెండు తరాలు పోయేసరికి ఆ గోడని మరిచిపోయి, అదంతా మా తెలివి, మా కష్టం, మా మర్యాద అనుకున్నాం. గోదావరి మర్యాద అని ఎంతో చెప్పుకుంటాం. నేనూ చెప్పుకుంటాను, అది అబద్ధం కాదు. కానీ వచ్చినవాళ్ళకి కడుపు నిండా పెట్టగలగడానికి ముందు గాదె నిండి ఉండాలి. మా గాదె నిండింది విజ్జేశ్వరం తూముల్లోంచి. అదే తాతయ్య ఇంట్లో మర్యాద అంటే, మేం వచ్చామని తన వంతు వరన్నం మాకు పెట్టి తాను జొన్నన్నం తినడం.

డెల్టా లోపల మాత్రం అందరం ఒకటిగా ఉన్నామా? లేదు. కాలవ మొదట్లో ఉన్నవాడికీ శివారు వాడికీ ఎప్పుడూ పడేది కాదు. దాళ్వాలో వంతులు పెట్టినప్పుడు రాత్రిళ్ళు బోదెల దగ్గర లాంతర్లు పట్టుకుని కాపలా కాసేవారు, తలలు పగిలిన రోజులున్నాయి. అంతకంటే పెద్ద గీత ఊరికీ పేటకీ మధ్య ఉండేది. ఊరి చెరువు ఒకటే, రేవులు వేరు. మా చేలు దున్ని, నాటి, కోసిన పేట వాళ్ళకి చాలామందికి సెంటు భూమి లేదు. పది లక్షల ఎకరాలు తడిసినా వాళ్ళ గడపలో పండింది తక్కువ. అందుకే పేటలోంచి ఆడవాళ్ళు కువైట్, మస్కట్ వెళ్ళడం మొదలుపెట్టారు. మా చేలో నాట్లు వేసిన ఒకావిడ ఆరేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చి, డాబా వేసుకుంది. వచ్చిన రోజు అమ్మని చూడ్డానికి వస్తే, లోపలికి పిలిచి మంచం మీద కూర్చోబెట్టి అమ్మ అడిగింది.

"ఏం తినేదానివే అక్కడ?"

"కుబ్బూసండి అమ్మగారూ. రొట్టెలాంటిది. మొదట్లో మింగుడుపడేది కాదు."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన రోజు రాత్రి పాలమూరు అబ్బాయి ఫోన్ చేశాడు. ఇప్పుడు అబ్బాయేం కాదు, అతనికీ తల నెరిసింది. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. మా వైపు అందరూ బాధలో ఉన్నారు, నేనూ ఉన్నాను. పాతికేళ్ళు బతికిన ఊరు పరాయిదైనట్టు అనిపించింది. అదే రోజు అతని సంతోషం కూడా నిజమైనదే. "అమ్మ మంచిగున్నదా అన్నా?" అని అడిగాడు. ముందు ఆ మాటే అడిగాడు. మిగతాది ఏదీ మేం మాట్లాడుకోలేదు. ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ ఫోన్ వస్తుంది.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా ఊరు భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. అమ్మ పుట్టిల్లు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. గీత సరిగ్గా కాలవ వెంబడి గీయలేదు గానీ, మా రెండిళ్ళకి మాత్రం అలాగే పడింది. పేపర్లో చదివి వినిపిస్తే అమ్మ, "ఇన్నాళ్ళూ ఒకటే జిల్లానా?" అంది.

ఈ ఇరవై ఏళ్ళలో చాలా మారింది. తాతయ్య ఎర్రనేలలో ఇప్పుడు మా బావ ఆయిల్ పామ్, మధ్యలో కోకో వేశాడు. అన్నీ బోర్ల మీదే. ఏటికేడు ఇంకా లోతుకి దింపుతున్నాడు. మెట్టకి తాడిపూడి ఎత్తిపోతల వచ్చింది. పోలవరం కుడి కాలవలో 2015 నుంచి పట్టిసీమ నీళ్ళు కృష్ణ వైపు వెళ్తున్నాయి. ఆ కాలవ మెట్ట ఊళ్ళని కోసుకుంటూ వెళ్తుంది. మొదటిసారి చూసినప్పుడు దాని గట్టు మీద కారు ఆపి నేనూ నిలబడ్డాను. తాతయ్య ఉంటే ఎంతసేపు నిలబడేవాడో. కానీ పోలవరం డ్యాము కోసం పైన కొండరెడ్ల, కోయల ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి. జంగారెడ్డిగూడెం వైపు కట్టిన పునరావాస కాలనీల్లో వాళ్ళని చూశాను. ఒకే కొలతలో వరసగా ఇళ్ళు, ముందు చెట్టు లేదు, వెనక అడవి లేదు. ఒక ముసలాయన గడప మీద కూర్చుని ఉన్నాడు. ఏం తింటున్నారని అడగాలనిపించింది. నోరు రాలేదు. అమ్మ అయితే అడిగి ఉండేది.

మా పల్లం కూడా మునుపటిలా లేదు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కావడం లేదని సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. చోళ్ళూ జొన్నలూ తినేవాళ్ళని జాలిగా చూసిన చోట వరి వేయనన్నారు. మా చుట్టుపక్కల సగం చేలు చేపల చెరువులయ్యాయి. చెరువు నీళ్ళు ఎవరూ తాగడం లేదు, ఇంటింటికీ టిన్నులు వస్తున్నాయి. మా ఇంట్లో ఇప్పుడు షుగర్ అని నేను రాత్రిళ్ళు జొన్న రొట్టె తింటున్నాను. దాన్ని చూసినప్పుడల్లా అరుగు మీద తాతయ్య విస్తరి గుర్తొస్తుంది.

తూర్పోళ్ళు రావడం బాగా తగ్గింది. వాళ్ళ పిల్లలు చదువుకున్నారు, విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో పనులు చూసుకున్నారు. అది నాకు నిజంగా సంతోషం. కోతలకి యంత్రాలొచ్చాయి. నాట్లకి కొన్నేళ్ళుగా పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. అదే బడి వరండా, అవే మూటలు. ఊళ్ళో వాళ్ళని "బెంగాలోళ్ళు" అంటారు, ఏ ఊరో ఎవరూ అడగరు.

పోయిన జులైలో నేను ఊళ్ళో ఉన్నాను. అమ్మకి ఎనభై ఏడేళ్ళు. చూపు తగ్గింది, అరుగు మీద కుర్చీలోంచి లేవదు. పొద్దున్నే నారు కట్టలు మోసుకుని ముఠా వెళ్తుంటే అడుగుల చప్పుడు విని, "ఎవర్రా వాళ్ళు? మనవాళ్ళ నడకలా లేదు" అంది. చెప్పాను.

"ఏం తింటారో కనుక్కోరా."

సాయంత్రం వరండా దగ్గరికి వెళ్ళాను. వాళ్ళలో ఇరవై ఏళ్ళ కుర్రాడికి కొంచెం హిందీ వచ్చు, నాకూ కొంచెం వచ్చు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్న ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తింటామని చెప్పాడు. ఫోన్ తీసి వాళ్ళ ఊరు చూపించాడు. వెనక చెరువు, పక్కన అరటి చెట్లు, ముందు నీళ్ళు నిండిన వరి మడి. మా ఊరే అన్నట్టుంది. వాళ్ళ నాన్నకి ఎంత పొలం ఉందని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపాడు.

వచ్చి అమ్మకి చెప్పాను, మన చద్దన్నమేనమ్మా అని.

అమ్మ కాసేపు ఆలోచించింది.

"పెరుగేసుకుంటారా?"

"అడగలేదమ్మా."

"వెళ్ళి అడుగు" అంది. "ఊరికే వెళ్ళకు. ఆ మాగాయ జాడీ తీసుకెళ్ళు."